కార్తీకంలో విత్తితే మాఘం వరకు కూరలు: శీతాకాలపు పెరటి సాగు, ఆ పంటతో వంటలు

వానలు వెనుదిరిగి, ఎండ తీవ్రత తగ్గి, తెల్లవారుజామున చలి పలకరించే కార్తీకం శరదృతువులో చివరి నెల. సాధారణంగా ఇది అక్టోబర్ చివర మొదలై నవంబర్ చివరి వరకు సాగుతుంది. ఐరోపా, ఉత్తర అమెరికా దేశాల్లో సరిగ్గా ఈ రోజుల్లోనే తోటపని ముగింపునకు వస్తుంది. మంచు పడకముందే మడులను ఖాళీ చేయాలని, రాలిన ఆకులతో నేలను కప్పి వసంతం వరకు వదిలేయాలని అక్కడి తోటమాలులు చెబుతారు. అంతర్జాలంలో శరత్కాల తోట గురించి కనిపించే సలహాల్లో అధిక భాగం ఆ దేశాల వాతావరణాన్ని దృష్టిలో పెట్టుకొని రాసినవే. వాటిని తెలుగు నేలపై యథాతథంగా పాటించే వారు ఏడాదిలోకెల్లా మంచి సాగు కాలాన్ని చేజేతులా పోగొట్టుకుంటారు. ఇక్కడ ఆకు రాలేది శిశిరంలో. కార్తీకం విత్తనం వేసే కాలం.

ఈ అవకాశం ఎక్కువ రోజులు ఉండదు. దక్కన్ పీఠభూమిపై ఫిబ్రవరి చివరికే పగటి ఎండ ముదురుతుంది. క్యారెట్ విత్తిన నాటి నుంచి తవ్వడానికి సుమారు 90 రోజులు పడుతుంది. నవంబర్ 10న విత్తితే ఫిబ్రవరి రెండో వారానికి దుంప చేతికి వస్తుంది. అదే డిసెంబర్ చివర విత్తితే దుంప ఊరే దశ మార్చి ఎండల్లో పడుతుంది. అప్పుడది పొట్టిగా, పాలిపోయిన రంగుతో, పీచుతో తయారవుతుంది. కాలీఫ్లవర్ పరిస్థితీ ఇంతే. ఆకుకూరలకు కొంత వెసులుబాటు ఉన్నా, కొత్తిమీర, పాలకూర ఎండ తగలగానే ఆకు పెంచడం మాని పూత కాడ వేస్తాయి. ఇంటి తోటకు ఏ విత్తనం, ఏ ఎరువు అన్న ప్రశ్నల కంటే ఏ వారంలో విత్తారన్నదే పెద్ద ప్రశ్న కావడానికి కారణమిదే.

పళ్లెంలో ఆకు ఎందుకు తగ్గకూడదు

పెరటి ఆకుకూరను కేవలం కాలక్షేపంగా చూడటానికి వీల్లేదని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే గణాంకాలు చెబుతున్నాయి. 2019-21 మధ్య జరిగిన ఐదో విడత సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో దేశవ్యాప్తంగా 67.1 శాతం మందికి రక్తహీనత ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కూరగాయలు, పండ్లు కలిపి రోజుకు 500 గ్రాములు తీసుకోవాలని సూచిస్తోంది. నలుగురున్న ఇంటికి అది రోజుకు రెండు కిలోలు. నగరంలోని బాల్కనీ తోట ఆ మొత్తాన్ని ఇవ్వలేదు, ఇస్తుందని చెప్పడం అతిశయోక్తి. అయితే ఆరేడు కుండీల్లో వారం విడిచి వారం విత్తితే, వారానికి రెండు మూడు పూటలకు సరిపడే ఆకుకూర తప్పకుండా వస్తుంది. కోసిన పది నిమిషాల్లో పొయ్యి మీదికి చేరే ఆకుకు, రెండు రోజులు సంచిలో మగ్గిన ఆకుకు రుచిలోనే కాదు, విటమిన్ సి నిల్వలోనూ తేడా ఉంటుంది.

రక్తహీనతకు ఇనుము లోపం ప్రధాన కారణాల్లో ఒకటి మాత్రమే. ఇప్పటికే లోపం ఉన్నవారికి వైద్యులు రాసిన మాత్రల స్థానంలో ఆకుకూరలు సరిపోవు. అయితే తిన్న ఇనుము ఒంటికి పట్టడంలో వండే పద్ధతికి పాత్ర ఉంది. ఆ సంగతి వంటల దగ్గర వస్తుంది.

ఊరిని బట్టి పంచాంగం

తెలుగువారు ఉన్న ప్రతిచోటా కార్తీకం ఒకేలా ఉండదు. హైదరాబాద్, వరంగల్, కరీంనగర్ ప్రాంతాల్లో అక్టోబర్ మధ్య నుంచి నవంబర్ మూడో వారం వరకు విత్తడానికి అనువైన సమయం. ఉత్తర తెలంగాణలో, ముఖ్యంగా ఆదిలాబాద్ వైపు, డిసెంబర్ రాత్రులు బాగా చల్లబడతాయి కాబట్టి మొలక దశ నవంబర్‌లోనే దాటిపోవడం మేలు. చలిలో విత్తనం మొలవడానికి రెట్టింపు రోజులు పడుతుంది.

నెల్లూరు, తిరుపతి, చెన్నైలలో ఈ లెక్క మారుతుంది. అక్కడ ఈశాన్య రుతుపవనాల వానలు ఇదే సమయంలో కురుస్తాయి. బంగాళాఖాతంలో తుపాన్లు తరచుగా వచ్చే నెల కూడా ఇదే. బయట మడిలో చల్లిన సన్న విత్తనం ఒక్క జడివానకు కొట్టుకుపోతుంది. అందువల్ల టమాటా, వంగ, మిరప నారును చూరు కింద పెంచి, వానలు నెమ్మదించాక డిసెంబర్‌లో నాటుకోవాలి. ఆకుకూరలను మాత్రం నీరు నిలవని కుండీల్లో, గోడ వారగా వేసుకోవచ్చు.

ఢిల్లీలో స్థిరపడిన కుటుంబాలకు గడువు మరింత తక్కువ. అక్కడ డిసెంబర్, జనవరి రాత్రుల ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపే ఉంటుంది. కొన్ని రోజులు 5 డిగ్రీలకూ దిగుతుంది. తెలుగు ఇళ్లలో ఏడాది పొడవునా అల్లుకునే బచ్చలి తీగ అక్కడి చలికి వాడిపోతుంది. పాలకూర, మెంతి, ఆవ ఆకు, ముల్లంగి, బఠానీ మాత్రం ఢిల్లీ చలిలోనే కళకళలాడతాయి. బచ్చలి కోసం పంతం పట్టడం కంటే ఆవ ఆకుతో పప్పు చేసుకోవడం తెలివైన పని.

ఎండ దక్షిణానికి జరిగింది

వేసవిలో బాగా పండిన మూల చలికాలంలో ఎందుకు పండదని చాలామంది ఆశ్చర్యపోతారు. దక్షిణాయనంలో సూర్యుడు దక్షిణ ఆకాశానికి జరగడమే కారణం. డిసెంబర్ 21 నాటి మధ్యాహ్నం హైదరాబాద్‌లో సూర్యుడు క్షితిజానికి సుమారు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ఢిల్లీలో అది 38 డిగ్రీలు. మేడ మీద దక్షిణం వైపు నాలుగు అడుగుల పిట్టగోడ ఉంటే, నడి మధ్యాహ్నం కూడా దాని నీడ హైదరాబాద్‌లో మూడున్నర అడుగులు, ఢిల్లీలో ఐదు అడుగులు పరుచుకుంటుంది. ఆ గోడను ఆనించి పెట్టిన కుండీలకు నెలల తరబడి నేరుగా ఎండ తగలదు. వాటిని ఉత్తరపు గోడ వైపు జరిపితే సమస్య తీరుతుంది. ఉత్తరానికి తెరుచుకునే బాల్కనీలకు ఈ కాలంలో నేరుగా ఎండ రాదు. దక్షిణపు బాల్కనీలకు మాత్రం లోపలి వరకు వస్తుంది. ఆకుకూరలకు నాలుగు గంటలు, టమాటా, కాలీఫ్లవర్ వంటి వాటికి కనీసం ఆరు గంటల ఎండ అవసరం.

మట్టి విషయంలో పెద్ద రహస్యాలేమీ లేవు. వానలకు గట్టిపడిన పాత కుండీ మట్టిని గుమ్మరించి, రెండు రోజులు ఎండబెట్టి, మూడో వంతు మాగిన పశువుల ఎరువు లేదా వర్మీ కంపోస్ట్, కొంత కొబ్బరి పొట్టు, గుప్పెడు వేప పిండి కలిపితే సరిపోతుంది. పచ్చి పేడ వాడితే వేర్లు మాడిపోతాయి. ఆకుకూరలకు ఎనిమిది అంగుళాల లోతు, ముల్లంగి, క్యారెట్లకు అడుగు లోతు కావాలి. మేడ మీద పెంచేవారు బరువును కూడా లెక్క వేసుకోవాలి. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు ఉన్న తడి మట్టి 50 కిలోల వరకు తూగుతుంది. కొబ్బరి పొట్టు కలపడానికి ఇది మరో కారణం.

కుండీల కింద పెట్టే పళ్లేల గురించి ఒక హెచ్చరిక. వానలు తగ్గిన తర్వాతి నెలల్లోనూ డెంగీ కేసులు వస్తూనే ఉంటాయి. దాన్ని వ్యాపింపజేసే ఈడిస్ దోమ ఇలాంటి కొద్దిపాటి తేట నీటిలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు. పళ్లేలను వారానికి రెండుసార్లు ఖాళీ చేసి తుడవాలి, లేదా తీసేయాలి. కూర కోసం జ్వరం కొనితెచ్చుకోవడం మంచి బేరం కాదు.

ఏవి వేయాలి, ఏవి వేయకూడదు

మొదటిసారి తోట మొదలుపెట్టేవారికి మెంతిని మించిన గురువు లేదు. వంటింటి డబ్బాలోని మెంతులనే రాత్రి నానబెట్టి చల్లితే మూడు నాలుగు రోజుల్లో మొలుస్తాయి, 25 రోజుల్లో కోతకు వస్తాయి. ధనియాలతో వ్యవహారం ఇంత సులువు కాదు. గుండ్రటి ధనియంలో నిజానికి రెండు విత్తనాలుంటాయి. దాన్ని నలిపి రెండు బద్దలుగా చేసి, రాత్రంతా నానబెట్టి విత్తాలి. మరీ గట్టిగా నూరితే లోపలి మొలక చితికిపోతుంది. ఎనిమిది నుంచి పన్నెండు రోజుల వరకు మట్టిలో ఏ కదలికా కనిపించదు. విసిగి ఆ కుండీని తిరగదోడినవారే ‘మా ఇంట్లో కొత్తిమీర రాదు’ అని చెబుతుంటారు. ఆ రోజుల్లో పై మట్టి ఆరిపోకుండా తడి గోనెపట్టా కప్పి, మొలక కనబడగానే తీసేస్తే చాలు.

పాలకూర నెల రోజులకు కోతకు వస్తుంది. మొదలుకు రెండు అంగుళాల పైన కోస్తే మళ్లీ మళ్లీ చిగురిస్తుంది. చుక్కకూరకు ఇది మంచి కాలం. ముల్లంగి 45 రోజుల పంట. ముల్లంగి, క్యారెట్లను నారు పోసి పీకి నాటకూడదు. తల్లివేరు ఒకసారి వంగితే దుంప రెండు మూడు కాళ్లుగా చీలుతుంది. రెండింటినీ నేరుగా విత్తి, మొలిచాక ఒత్తును పలుచన చేయాలి. పలుచన చేసినప్పుడు వచ్చిన లేత ముల్లంగి మొలకలు పచ్చడికి పనికొస్తాయి.

కాలీఫ్లవర్‌లో చాలామంది దెబ్బతినేది రకం ఎంపికలో. తొందరగా కాపుకొచ్చే రకాలను చలి ముదిరాక నాటితే మొక్క ఎదగకముందే గుండీ అంత పువ్వు వేసి ఆగిపోతుంది. చల్లని ప్రాంతాల రకాలను వెచ్చని చోట నాటితే ఆకు తప్ప పువ్వు రాదు. విత్తన పొట్లంపై రాసిన నాటే నెలను చూడకుండా కొనడం డబ్బు దండగ. సమీప కృషి విజ్ఞాన కేంద్రంలో, వెంకటరామన్నగూడెంలోని డాక్టర్ వైఎస్ఆర్ ఉద్యాన విశ్వవిద్యాలయంలో, సిద్దిపేట జిల్లా ములుగులోని శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయంలో ప్రాంతానికి తగిన రకాల గురించి అడిగి తెలుసుకోవచ్చు. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ ‘అర్క’ పేరుతో విడుదల చేసిన రకాల విత్తనాలు ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి.

వెల్లుల్లి సంగతి సరదాగా ఉంటుంది. కార్తీక మాసంలో ఉల్లి, వెల్లుల్లి ముట్టని ఇళ్లు ఎన్నో. కానీ రెబ్బ నాటడానికి సరైన నెల ఇదే. మొలకెత్తిన రెబ్బలను అంగుళం లోతున నాటితే, నియమం ముగిసి మార్గశిరం వచ్చేసరికి పచ్చి వెల్లుల్లి కాడలు కోతకు సిద్ధంగా ఉంటాయి.

వేయకూడని వాటిలో మొదటిది పందిరి చిక్కుడు. సంప్రదాయ చిక్కుడు రకాలు పగటి వేళ తగ్గినప్పుడే పూస్తాయి. ఆషాఢంలో పెట్టిన తీగ మూడు నాలుగు నెలలు పందిరంతా అల్లుకొని, పొద్దు కురచబడిన కార్తీకంలో పూత పట్టడం అందువల్లే. ఇప్పుడు విత్తితే జానెడు తీగకే పూత వచ్చి నాలుగు కాయలతో సరిపెడుతుంది. పొద చిక్కుడు రకాలకు ఈ ఇబ్బంది లేదు. గోంగూర కూడా కురచ పొద్దుకు పూతకు వచ్చే మొక్కే. ఈ నెలల్లో అది ఆకు తగ్గించి మొగ్గ తొడుగుతుంది. బెండ, దోస, సొర విత్తనాలను సంక్రాంతి దాటేవరకు దాచుకోవడమే మంచిది.

దసరా, దీపావళికి గుమ్మానికి కట్టిన బంతి దండలు ఎండిపోయి ఉంటే వాటిని పారేయనవసరం లేదు. ఎండిన పువ్వులోని నల్లటి సన్నని గింజలు వారంలోపే మొలుస్తాయి. సంకర రకాలైతే పువ్వు తల్లిలాగే ఉంటుందన్న హామీ లేదు. అయినా టమాటా పక్కన బంతి ఉంటే వేరు పురుగుల బెడద కొంత తగ్గుతుంది.

చలి, పొగమంచు కలిసిన రోజుల్లో చీడపీడలకంటే అతిగా పోసే నీరే ఎక్కువ మొక్కలను చంపుతుంది. వేలు అంగుళం లోపలికి గుచ్చి చూసి, పొడిగా ఉంటేనే ఉదయం పూట నీరు పోయాలి. సాయంత్రం తడిపితే ఆకులు రాత్రంతా తేమగా ఉండి తెగుళ్లకు తావిస్తాయి. చిగుళ్ల కింద పేనుబంక చేరితే లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేప నూనె, కలవడానికి కొన్ని చుక్కల సబ్బు నీరు చేర్చి పిచికారీ చేయవచ్చు. ఆ తర్వాత వారం రోజులు ఆగి, బాగా కడిగాకే ఆకు కోసుకోవాలి.

పంట నుంచి పొయ్యి మీదికి

ఆకుకూరల్లోని ఇనుము మాంసంలోని ఇనుమంత సులువుగా ఒంటికి పట్టదు. అదే పూటలో విటమిన్ సి ఉన్న పదార్థం తింటే పట్టే మోతాదు పెరుగుతుంది. విటమిన్ సి వేడికి నశిస్తుంది. కాబట్టి పప్పుకూరలో నిమ్మరసాన్ని పొయ్యి దించాక, ఆవిరి కాస్త తగ్గాక పిండాలి. ఉడికేటప్పుడే వేస్తే పులుపు మిగులుతుంది గానీ మేలు తగ్గుతుంది. భోజనానికి ముందు, తర్వాత ఒక గంట వరకు టీ, కాఫీ తాగకపోవడం ఇంతే ముఖ్యం. వాటిలోని టానిన్లు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. ఇంకొక మెలిక ఉంది. పాలకూర, బచ్చలి, చుక్కకూరల్లో ఆక్సలేట్లు ఎక్కువ. అవి ఇనుము, కాల్షియంలను పట్టి ఉంచుతాయి. మెంతి, మునగ, ముల్లంగి ఆకుల్లో అవి తక్కువ. ఏ ఒక్క ఆకుకూరనో రోజూ వండకుండా మార్చి మార్చి వండుకోవడంలోని ఔచిత్యం ఇది. మూత్రపిండాల్లో రాళ్ల సమస్య ఉన్నవారు మొదటి రకం ఆకుకూరల విషయంలో వైద్యుల సలహా తీసుకోవాలి.

ముల్లంగి కొన్నవారు దుకాణం దగ్గరే తుంచి పారేసే ఆకు నిజానికి దుంపకంటే పోషకమైనది. లేత ఆకులు ఏరి, నూగు ఉన్న గట్టి కాడలు తీసేసి, సన్నగా తరిగి, రెండు పచ్చిమిరపకాయలతో కందిపప్పులో ఉడికించాలి. ఇంగువ, ఎండుమిర్చి, జీలకర్ర తాలింపు పెట్టి దించి, నిమ్మరసం కలిపితే ఉల్లి, వెల్లుల్లి లేని లోటు తెలియదు. మెంతికూర చేదుకు భయపడేవారు ఆకును ఉప్పుతో పిసికి నీరు పిండేస్తుంటారు. చేదుతో పాటు సారమూ పోతుంది. దానికి బదులు రెండు పండిన టమాటాలు, చిటికెడు బెల్లం చేర్చడం మేలు.

కార్తీక భోజనాల్లో కంద బచ్చలి కూరకు ప్రత్యేక స్థానం ఉంది. కంద దురదకు దానిలోని సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు కారణం. చేతులకు నూనె రాసుకొని తొక్క తీయాలి, ముక్కలను చింతపండు పులుసుతో మెత్తగా ఉడికించాలి. నలుగురికి అర కిలో కంద, రెండు కట్టల బచ్చలి, నిమ్మకాయంత చింతపండు, నాలుగు పచ్చిమిరపకాయలు, చిన్న అల్లం ముక్క సరిపోతాయి. కూర దగ్గరపడ్డాక మినప్పప్పు, శనగపప్పు, కరివేపాకు తాలింపు పెట్టి దించాలి. అసలు రుచి ఆ తర్వాత కలిపే ఆవపిండి ముద్దలో ఉంది. ఆవాలను నీటితో నూరినప్పుడు వాటిలోని ఎంజైమ్ మేల్కొని ఘాటును పుట్టిస్తుంది. వేడి తగిలితే ఆ ఎంజైమ్ నశిస్తుంది, పుట్టిన ఘాటూ ఎగిరిపోతుంది. అందుకే పెద్దలు ‘ఆవ’ను కూర చల్లారాక పెట్టమంటారు. ఒక చెంచా ఆవాలకు రెండు ఎండుమిరపకాయలు చేర్చి, కాసిన్ని నీళ్లతో నూరితే చాలు. మించితే చేదెక్కుతుంది.

చిక్కుడుకు ఒక్కో ప్రాంతంలో ఒక్కో వంట. కోస్తాలో లేత కాయకు అల్లం, పచ్చిమిర్చి ముద్ద పెట్టి పొడికూర చేస్తే, చిత్తూరు, అనంతపురం వైపు చలి ముదిరే కొద్దీ అనపకాయల కోసం ఎదురుచూస్తారు. పచ్చి అనపగింజలను రాత్రి నానబెట్టి, మరునాడు వేళ్లతో నొక్కి పై తోలు ఊడదీస్తారు. అలా పితికిన పప్పుతో చేసే కూరే పితికిపప్పు. ఇంటిల్లిపాదీ కూర్చుంటే తప్ప తెమలని పని అది. ముదిరిన చిక్కుడు గింజలను ఎప్పుడూ పూర్తిగా ఉడికించే తినాలి.

ఇక ఉసిరి. క్షీరాబ్ది ద్వాదశికి తులసి కోటలో ఉసిరి కొమ్మ నాటడం, ఉసిరి చెట్టు కింద వనభోజనాలు చేయడం కార్తీక ఆచారాలు. ఈ చెట్టు వసంతంలో పూస్తుంది. పిందె వేసవి అంతా ఎదగకుండా నిద్రాణంగా ఉండి, వానల్లో మేల్కొని, చలి మొదలయ్యేసరికి కాయగా ఊరుతుంది. నారింజతో పోలిస్తే ఉసిరిలో విటమిన్ సి కనీసం ఐదు రెట్లు ఎక్కువ. పూటకు ఒక కాయ పచ్చడి రూపంలో పళ్లెంలో ఉన్నా ఆకుకూరలోని ఇనుముకు అది తోడవుతుంది. ఎనిమిది కాయల గింజలు తీసి, ఆరేడు పచ్చిమిరపకాయలు, గుప్పెడు కొత్తిమీర, ఉప్పు, పసుపుతో కచ్చాపచ్చాగా నూరి, మెంతులు, ఆవాలు, ఇంగువ తాలింపును చల్లార్చి కలపాలి. ఇందులో ఉసిరిని ఉడికించే పని లేదు. వగరు ఎక్కువనిపిస్తే పెరుగులో కలుపుకోవచ్చు. సంవత్సరానికి నిల్వ చేసేవారు మచ్చ లేని కాయలను కడిగి, తడి లేకుండా తుడిచి ఆరబెట్టాకే ఉప్పులో ఊరవేయాలి. కాయపై మిగిలిన నీటి చుక్కలే జాడీకి బూజు తెస్తాయి. పెరట్లో ఉసిరి మొక్క పెట్టదలచినవారు ఒక్క చెట్టుతో ఆగకుండా వేరు రకం మొక్క ఇంకొకటి దగ్గరలో నాటితే పరాగ సంపర్కం బాగా జరిగి కాపు పెరుగుతుంది. అంటు మొక్క కాపుకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది.